ముందు కొలువు, శిక్షణ అక్కడే

ఉస్మానియా బిస్కెట్లను పెట్టెలో సర్దడం చూడటానికి చిన్న పని. అడుగున కాగితం పరవాలి, పన్నెండు బిస్కెట్లు లెక్కపెట్టి పేర్చాలి, మూత వేసి టేపు అంటించాలి. హైదరాబాద్‌లో ఓ మోస్తరు బేకరీ వెనక గదిలోకి తొంగిచూస్తే ఇద్దరు ముగ్గురు ఈ పని మీదే కనిపిస్తారు. మేధో వైకల్యం ఉన్న ఇరవై రెండేళ్ల యువకుడు ఒకరు అక్కడికి పని కోసం వచ్చాడనుకుందాం. చేతులు చురుగ్గా ఆడతాయి. చెప్పిన చోట ఓపిగ్గా నిలబడతాడు. కానీ ఐదు దాటితే లెక్క తప్పుతాడు. యజమాని నోటి నుంచి మామూలుగా వచ్చే మాట ఒకటే: "ముందు లెక్కలు నేర్పించి తీసుకురండి, అప్పుడు చూద్దాం."

ఇంకో దారి ఉంది. ఒక అట్టముక్క మీద పన్నెండు గుండ్రాలు గీసి అతని ముందు పెడతారు. ఒక్కో గుండ్రంలో ఒక్కో బిస్కెట్ ఉంచడం అతని పని. ఖాళీ గుండ్రం కనిపిస్తే ఇంకా పెట్టాలి. ఖాళీ లేదంటే అన్నీ తీసి పెట్టెలోకి మార్చాలి. అతనికి పన్నెండు లెక్క ఇప్పటికీ రాదు. పెట్టెలో మాత్రం పన్నెండే ఉంటాయి.

ఈ అట్టముక్క ఎవరికో అప్పటికప్పుడు తట్టిన చిట్కా కాదు. దాని వెనక యాభై ఏళ్ల పరిశోధన ఉంది. 1970లలో అమెరికాలో మార్క్ గోల్డ్ అనే పరిశోధకుడు, ఏ పనీ నేర్వలేరని అందరూ వదిలేసిన మేధో వికలాంగులకు పదిహేను విడిభాగాల సైకిల్ బ్రేకు బిగించడం నేర్పి చూపించారు. ఆయన చేసింది రెండు పనులు. బ్రేకు బిగింపును చిన్న చిన్న మెట్లుగా విడగొట్టారు. విడిభాగాలను ఏది ముందో ఏది తర్వాతో ఆ వరుసలోనే అరల్లో పెట్టారు. మనిషి నేర్వలేకపోతే అది నేర్పే పద్ధతిలో లోపమని, పద్ధతి మార్చి మళ్లీ ప్రయత్నించాలని ఆయన వాదన. వికలాంగుల ఉపాధి మీద ఆ తర్వాత వచ్చిన పరిశోధనలో చాలా భాగం ఈ వాదన చుట్టూనే తిరిగింది.

అంతవరకు ప్రపంచమంతటా నడిచిన పద్ధతి వేరు. ముందు శిక్షణ కేంద్రం, ఆ తర్వాత వికలాంగుల కోసమే విడిగా నడిపే రక్షిత వర్క్‌షాపు, అక్కడ "సిద్ధమయ్యారు" అని ఎవరైనా సంతకం పెడితే అప్పుడు బయట ఉద్యోగం. చిక్కేమిటంటే ఆ సంతకం చాలామందికి ఎప్పటికీ పడదు. కొవ్వొత్తులు చేయడం, కాగితం కవర్లు అంటించడం నేర్చుకుంటూ ఏళ్లకు ఏళ్లు గడిచిపోతాయి. నలభై ఏళ్ల వయసులో కూడా ఆ మనిషి "శిక్షణలో ఉన్న అబ్బాయి"గానే మిగిలిపోతాడు. ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పే పద్ధతి ఇది. పైగా ముఖ్యంగా మేధో వైకల్యం ఉన్నవారిలో ఒకచోట నేర్చిన పని ఇంకోచోటికి తేలిగ్గా బదిలీ కాదు. శిక్షణ కేంద్రంలోని గ్యాస్ పొయ్యి మీద టీ పెట్టడం వచ్చినవాళ్లు ఆఫీసులోని మెషీన్ ముందు తెల్లబోవచ్చు. తెలివితక్కువతనమని జనం దాన్ని కొట్టిపారేస్తారు. నేర్పిన చోటు వేరు, చేయాల్సిన చోటు వేరు, అంతే.

1980లలో వర్జీనియాలో పాల్ వేమన్ అనే పరిశోధకుడి బృందం వరుసను తిప్పేసింది. ముందు అసలు ఉద్యోగంలో, అసలు జీతం మీద చేర్చడం. శిక్షకుడు అక్కడికే వెళ్లి, పక్కన నిలబడి నేర్పడం. పనిలో చేరిన మనిషి నిలదొక్కుకునే కొద్దీ శిక్షకుడు ఒక్కో అడుగు వెనక్కి తగ్గడం. సహాయంతో కూడిన ఉపాధి అనే ఈ పద్ధతిలో ఆ శిక్షకుడికి జాబ్ కోచ్ అని పేరు. మానసిక అనారోగ్యం ఉన్నవారి కోసం ఇదే ఆలోచనను 1990ల ఆరంభంలో న్యూహాంప్‌షైర్‌లో రాబర్ట్ డ్రేక్, డెబొరా బెకర్ ఒక కచ్చితమైన నమూనాగా తీర్చిదిద్దారు. ఐపీఎస్ (ఇండివిడ్యువల్ ప్లేస్‌మెంట్ అండ్ సపోర్ట్, అంటే ఒక్కొక్కరికీ విడిగా ఉద్యోగం, తోడ్పాటు) అని పిలిచే ఆ నమూనాలో సిద్ధంగా ఉన్నారా లేదా అనే పరీక్షే ఉండదు. పని చేయాలని ఉందా అన్నదే ప్రశ్న. ఉందంటే వారాల వ్యవధిలోనే ఉద్యోగం వెతకడం మొదలవుతుంది. ఏ ఉద్యోగమో ఎంచుకునేది ఆ మనిషే. ఉపాధి నిపుణుడు వేరే ఆఫీసులో కూర్చోడు, వైద్య బృందంలో ఒకడిగా ఉంటాడు. ఉద్యోగం దొరికాక కూడా సాయం ఆగదు.

ఇది మంచి మాటలా వినిపించడం వేరు, నిజంగా పనిచేయడం వేరు. అందుకే యూరప్‌లో ఆరు కేంద్రాల్లో, లండన్, జ్యూరిక్ నుంచి బల్గేరియాలోని సోఫియా దాకా, 312 మంది తీవ్ర మానసిక అనారోగ్యం ఉన్నవారిని లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీసి పరీక్షించారు. ఫలితాలు 2007లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. ఐపీఎస్ జట్టులో 55 శాతం మంది కనీసం ఒక్కరోజైనా బయటి ఉద్యోగం చేశారు. ముందు శిక్షణ ఇచ్చిన జట్టులో 28 శాతమే. అంతకన్నా ఆలోచింపజేసే అంకె ఇంకోటి ఉంది. ఉద్యోగపు ఒత్తిడితో జబ్బు తిరగబెడుతుందని అందరూ భయపడ్డారు కదా, మళ్లీ ఆస్పత్రిలో చేరాల్సి వచ్చినవారు ఐపీఎస్ జట్టులో 20 శాతం అయితే శిక్షణ జట్టులో 31 శాతం. అక్కడి కార్మిక చట్టాలు, ఆరోగ్య వ్యవస్థ మనవి కావు. ఆ అంకెలను తెచ్చి అలాగే ఎర్రగడ్డకు అతికించలేం. కానీ "ముందు పూర్తిగా బాగవ్వనీ, పని సంగతి తర్వాత" అనే మాట ఆ మనిషి మేలు కోరే మాటే అయినా, ఆ మేలును రుజువు చేసే ఆధారం మాత్రం ఎదుటి పక్షాన ఉంది.

ఎర్రగడ్డ పేరు ఎత్తాక ఒక మాట చెప్పక తప్పదు. నగరంలో ఆ ఆస్పత్రి పేరే ఒక తిట్టు. ఎవరినైనా ఎగతాళి చేయాలంటే "ఎర్రగడ్డకు పంపాలి" అంటారు. అక్కడ వైద్యం చేయించుకుని బాగై వచ్చినవాళ్లు ఉద్యోగం కోసం వెళ్తే ఆ పేరు కాగితాల కంటే ముందే చేరుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్ని ఉద్యోగ రిజర్వేషన్‌లోకి తెచ్చింది. తిట్టును మాత్రం చట్టం తీసేయలేదు.

ఆ చట్టం సంగతి కాస్త వివరంగా చూడాలి. 1995 చట్టం గుర్తించిన వైకల్యాలు ఏడు, ప్రభుత్వ ఉద్యోగాల్లో కోటా 3 శాతం. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం–2016 గుర్తించినవి 21, కోటా 4 శాతం. చూపు, వినికిడి, కదలిక సంబంధ వైకల్యాలకు ఒక్కో శాతం పోగా, నాలుగో శాతంలోకి ఆటిజం, మేధో వైకల్యం, నిర్దిష్ట అభ్యసన లోపం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు వచ్చాయి. తెలుగునాట ఎవరి నోట విన్నా ఇది "పీహెచ్ కోటా"నే. కోచింగ్ సెంటర్లలో, పోస్టుల నోటిఫికేషన్ల చర్చల్లో, బ్యాక్‌లాగ్ ఖాళీల ధర్నాల్లో వినిపించేది ఆ మాటే. అయితే ఆ 4 శాతం ప్రభుత్వ కొలువులకే. హైదరాబాద్‌లో కొత్త ఉద్యోగాలు పుట్టే చోటు మాదాపూర్, గచ్చిబౌలి, శంషాబాద్ గోదాములు, మాల్స్, ఆస్పత్రులు. ప్రైవేటు సంస్థల విషయంలో చట్టం కనీసం 5 శాతం మంది వికలాంగులను తీసుకునేలా ప్రోత్సాహకాలు ఇవ్వాలంటుంది. ఇరవై మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థ సమాన అవకాశాల విధానాన్ని వివరంగా రాసి అందరికీ కనపడేలా ఉంచాలంటుంది. ఆ విధానం వెబ్‌సైట్ అడుగున ఒక పీడీఎఫ్‌గా ఉండటం వేరు, ఇంటర్వ్యూ గదిలో సంజ్ఞా భాష దుబాసీ కూర్చోవడం వేరు.

అసలు ఎంతమంది గురించి ఈ మాటలు? 2011 జనాభా లెక్కల్లో దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, జనాభాలో 2.21 శాతం. 2018లో జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ విడత కూడా 2.2 శాతమే అంది. కానీ 2014లో మహబూబ్‌నగర్ జిల్లాలో హైదరాబాద్‌లోని భారత ప్రజారోగ్య సంస్థ, లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ పరిశోధకులు కలిసి చేసిన సర్వేలో 12.2 శాతం తేలింది. తేడా జనంలో లేదు, అడిగిన ప్రశ్నలో ఉంది. ఎన్యూమరేటర్ గడపలో నిలబడి "మీ ఇంట్లో వికలాంగులు ఎవరైనా ఉన్నారా?" అంటే, పెళ్లికి ఎదిగిన పిల్లలున్న ఇంట్లో చాలామంది లేరనే చెబుతారు. "కళ్లజోడు పెట్టుకున్నా చూడటం కష్టంగా ఉందా? నడవడం, మెట్లెక్కడం ఎంత కష్టం?" అని ఒక్కొక్కరినీ అడిగి, వైద్య పరీక్ష కూడా చేస్తే మరో లెక్క వస్తుంది. మొదటి లెక్క మీద బడ్జెట్ వేసే ప్రభుత్వానికి మిగతావాళ్లు కనపడరు.

ఉపాధి అంకెల్లో కూడా ఇలాంటి మాయ ఒకటుంది. అదే 76వ విడతలో పదిహేనేళ్లు దాటిన వికలాంగుల్లో నిరుద్యోగిత 4.2 శాతం. వినడానికి ఎంత తక్కువ! కానీ పని చేస్తున్నవారు, పని వెతుక్కుంటున్నవారు ఇద్దరూ కలిసి 23.8 శాతమే. ఆ రోజుల్లో మొత్తం జనాభాకు ఇదే అంకె దాదాపు 50 శాతం. అంటే మిగిలిన మూడొంతుల పైచిలుకు మంది అసలు వెతకడమే లేదు. వెతకనివాళ్లను నిరుద్యోగులుగా లెక్కించరు కాబట్టి 4.2 శాతం అంత అందంగా కనిపిస్తోంది. ఆడవాళ్ల సంగతి మరీ దారుణం. 2011 లెక్కల్లో వికలాంగులైన మగవాళ్లలో 47 శాతం మంది పనిలో ఉంటే ఆడవాళ్లలో 23 శాతమే. ఆర్థిక వ్యవస్థ పెరిగితే ఇవన్నీ వాటంతటవే సర్దుకుంటాయన్న ఆశకు కూడా ఆధారం లేదు. 1991లో 42.7 శాతం ఉన్న వికలాంగుల ఉపాధి 2002 నాటికి 37.6 శాతానికి పడిపోయిందని ప్రపంచ బ్యాంకు 2007 నివేదిక చూపింది. సరళీకరణతో దేశం పరుగులు తీసిన దశాబ్దమది. సైబర్ టవర్స్ లేచిన దశాబ్దమూ అదే.

వెతకడం ఎందుకు మానేస్తారు? అర్హత లేక అనేది సులువైన జవాబు. అమెరికాలో కొందరు ఆర్థికవేత్తలు ఆ జవాబును సూటిగా పరీక్షించారు. అకౌంటింగ్ ఉద్యోగాలకు 6,016 కల్పిత దరఖాస్తులు పంపారు. చదువు, అనుభవం అన్నీ సమానం. కొన్నింటిలో మాత్రం దరఖాస్తుదారుకు వెన్నుపూస దెబ్బతిన్నదనో, ఆటిజం కోవకు చెందిన ఆస్పర్జర్స్ ఉందనో కవరింగ్ లెటర్‌లో రాశారు. ఆ రెండూ అకౌంటింగ్ పనికి అడ్డురానివని చూసే ఎంచుకున్నారు. అయినా అలా రాసినవాటికి కంపెనీల నుంచి వచ్చిన ఆసక్తి 26 శాతం తగ్గింది. ఎక్కువ అనుభవం ఉన్నవారి విషయంలో ఆ తేడా ఇంకా పెరిగింది. అర్హత పెంచుకో, తలుపులు తెరుచుకుంటాయి అని వికలాంగులకు చెప్పే హితబోధను ఈ ఒక్క ఫలితం నిలదీస్తుంది.

యజమానులు చెప్పే ఇంకో కారణం ఖర్చు. చట్టం చెప్పే సముచిత సర్దుబాటు, అంటే వికలాంగులు పనిచేయడానికి వీలుగా చేసే మార్పు, అనగానే లక్షలు పెట్టి కట్టడం మార్చడమే గుర్తొస్తుంది. 1983 నుంచి యజమానులకు ఈ విషయంలో సలహాలిస్తున్న అమెరికా సంస్థ జాబ్ అకామడేషన్ నెట్‌వర్క్ ఏళ్లుగా అడిగి తేల్చుకున్నది ఏమిటంటే, ఇలాంటి సర్దుబాట్లలో సుమారు సగానికి రూపాయి కూడా ఖర్చు కాలేదు. షిఫ్టు గంట అటూ ఇటూ జరపడం, కూర్చునే చోటు మార్చడం, నోటితో చెప్పేది రాసివ్వడం, పన్నెండు గుండ్రాలు గీసిన అట్టముక్క.

తెలుగులో ఈ ఖర్చులేని సర్దుబాటుకు ఒక మంచి ఉదాహరణ ఫాంటు. చూపు లేనివారు కంప్యూటర్‌ను, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వాడతారు. 2006లో మొదలైన ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగును కూడా చదువుతుంది, అక్షరాలు అన్ని కంప్యూటర్లకూ ఒకేలా అర్థమయ్యే యూనికోడ్‌లో ఉంటే. పత్రికాఫీసుల్లో, డీటీపీ సెంటర్లలో, చాలా ప్రభుత్వ కార్యాలయాల్లో ఏళ్ల తరబడి నడిచింది పాత ఫాంట్లు. వాటిలో టైపు చేసిన "నియామకపు ఉత్తర్వు" తెర మీద చక్కటి తెలుగే. స్క్రీన్ రీడర్‌కు మాత్రం అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. ఇక స్కాన్ చేసి పెట్టిన జీవో అయితే దానికి అది ఉత్త బొమ్మ, చదవడానికి అక్షరమే దొరకదు. అదే ఉత్తర్వును యూనికోడ్‌లో టైపు చేసి పంపితే చూపు లేని గుమాస్తా పక్కవారిని బతిమాలకుండా తానే చదువుకుంటాడు. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ భారతీయ భాషల ఓసీఆర్ మీద, మాటను పలికించే సాంకేతికత మీద చేసిన పని విలువ ఇక్కడ తెలుస్తుంది. అచ్చు తెలుగు పేజీని అక్షరాలుగా మార్చి, ఆ అక్షరాలను గొంతుగా మార్చగలిగితే ఒక మనిషి కొలువు నిలబడుతుంది. ఇలాంటి పరిశోధనను వికలాంగుల ఉపాధి పద్దులో ఎవరూ రాయరు. రాయాలి.

నగరానికి సంస్థల కొరత లేదు. మేధో వైకల్యం మీద పరిశోధనకు, శిక్షణకు 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఉంది. పాత పేరు ఎన్‌ఐఎంహెచ్, ఇప్పటి పేరు ఎన్‌ఐఈపీఐడీ. 1987లో మొదలైన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ చూపు తిరిగి రానివారికి తెల్లకర్రతో నడవడం దగ్గర్నుంచి నేర్పే పునరావాస విభాగాన్ని నడుపుతోంది. బేగంపేటలో దేవ్‌నార్ అంధుల పాఠశాల ఉంది. మచిలీపట్నం దగ్గరి పల్లె నుంచి వచ్చి అక్కడ చదివిన శ్రీకాంత్ బొల్లా, పది తర్వాత సైన్సు చదవడానికి కోర్టుకెక్కి, ఎంఐటీ దాకా వెళ్లి, 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి తనలాంటివారికి పనిచ్చారు. అదే 2012లో మీరా షెనాయ్ ఇక్కడే వికలాంగ యువతను ఉద్యోగాల్లో చేర్చే యూత్4జాబ్స్ సంస్థను ప్రారంభించారు. ఇవన్నీ గర్వించదగ్గవే. కానీ సైన్సు చదవడానికి ఒక పిల్లవాడు కోర్టుకెక్కాల్సి వచ్చిందంటే అందులో అతని పట్టుదల ఎంత కనిపిస్తుందో వ్యవస్థ తప్పు కూడా అంతే కనిపించాలి. కోర్టుకెక్కలేని పిల్లలు ఏ గ్రూపు దొరికితే ఆ గ్రూపులో చేరి సర్దుకుపోయారు. వాళ్ల మీద కథనాలు రాలేదు.

పరిశోధన తీర్పుగా మారిన అరుదైన సందర్భం కూడా ఈ నగరానిదే. వికలాంగులు కూడా రోడ్లు, భవనాలు వాడుకోగలిగే సౌలభ్యం కోసం రాజీవ్ రతూరి అనే వ్యక్తి 2005లో సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్‌లో, దేశంలో పరిస్థితి ఎలా ఉందో పరిశీలించి చెప్పమని న్యాయస్థానం శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వికలాంగ అధ్యయన కేంద్రాన్ని కోరింది. ఆ నివేదిక ఆధారంగా 2024 నవంబరు 8న తీర్పు వచ్చింది. 2016 చట్టం కింద వచ్చిన 2017 నిబంధనల్లోని 15వ నిబంధన సౌలభ్య ప్రమాణాలను వట్టి సూచనలుగా మిగిల్చిందని, అది మూల చట్టానికే విరుద్ధమని కోర్టు తేల్చింది. తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలను మూడు నెలల్లో విడిగా రూపొందించమంది. "వీలైతే ర్యాంపు కట్టండి"కీ "ర్యాంపు లేకపోతే అనుమతి లేదు"కీ మధ్య దూరం ఎంతో, చక్రాల కుర్చీలో మెట్ల ముందు ఆగిపోయినవారికి తెలుసు.

ఉద్యోగం గురించి మాట్లాడుతూ ర్యాంపు దగ్గరికి రావడం దారి తప్పడం కాదు. కొలువు పోయేది చాలాసార్లు ఆఫీసులో కాదు, దారిలో. బేకరీ కుర్రాడి ఇల్లు బోయిన్‌పల్లిలో, పని అమీర్‌పేటలో అనుకుంటే, గుండ్రాల అట్టముక్క ఎంత పనిచేసినా రెండు బస్సులు మారి అతను రోజూ అక్కడికి చేరాలి. దీన్ని కూడా మెట్లు మెట్లుగానే నేర్పుతారు. మొదటి వారం కోచ్ పక్క సీట్లో కూర్చుంటాడు. తర్వాత రెండు వరుసల వెనక. ఆ తర్వాత బస్సెక్కించి, దిగే స్టాపులో ముందే వచ్చి నిలబడతాడు. చివరికి ఫోన్ మాత్రమే. కానీ బస్సు మీద నంబరు, ఊరి పేరు ఎప్పుడూ ఒకేచోట ఒకేలా ఉంటేనే ఈ పాఠం నిలుస్తుంది. స్టాపుకు ఇరవై గజాల అవతల ఆపి, జనం పరుగెత్తి ఎక్కే తీరును ఎవరికీ మెట్లుగా విడగొట్టి నేర్పలేం.

2017 నవంబరులో మొదలైన మెట్రో ఈ విషయంలో మేలు. లిఫ్టులున్నాయి, చూపు లేనివారి పాదాలకు తెలిసే పలకల దారి ఉంది, తర్వాతి స్టేషన్ పేరు వినిపిస్తుంది. లిఫ్టు దిగి రోడ్డు మీదకొచ్చాకే అసలు పరీక్ష. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన చాట్ బండి, ఆ పక్కన బైకులు, బైకులు ఎక్కకుండా పాతిన ఇనుప కడ్డీలు. ఆ కడ్డీల మధ్య సందులోంచి బైకు దూరిపోతుంది, చక్రాల కుర్చీ దూరదు. ఆఖరి అర కిలోమీటరుకు రోజూ ఆటో పెట్టుకుంటే పది పన్నెండు వేల జీతంలో ఏం మిగులుతుందో లెక్క వేసుకున్న కుటుంబం, ఇంట్లో ఉండమనే చెబుతుంది. ఆ నిర్ణయాన్ని సర్వేలో "పని వెతకడం లేదు" అని రాసుకుంటారు.

ఇంట్లో ఉండమనడానికి పింఛను మరో కారణం. తెలంగాణలో వికలాంగుల పింఛను 2014లో నెలకు 1,500 రూపాయలు, 2019లో 3,016, 2023 జూలై నుంచి 4,016. పేద ఇంటికి అది చిన్న మొత్తం కాదు, పైగా నెలనెలా వచ్చే సొమ్ము. సదరం క్యాంపుల చుట్టూ తిరిగి, పర్సంటేజీ వేయించుకుని, మంజూరైన పింఛను అది. జీతం మొదలైతే అది ఆగిపోతుందేమో, ఉద్యోగం మూడునెలల ముచ్చటే అయితే మళ్లీ మొదటి నుంచి తిరగాలేమో అన్న భయం న్యాయమైనదే. ఐపీఎస్ నమూనాలో ఈ భయానికి ప్రత్యేకంగా చోటుంది. ఉద్యోగం వెతకడానికి ముందే, జీతం వస్తే ఏ సాయం తగ్గుతుంది, ఏది నిలుస్తుంది అన్నది కాగితం మీద లెక్క వేసి చూపించడం ఉపాధి నిపుణుడి బాధ్యత. మన దగ్గర అలాంటి లెక్క వేసిచ్చే కిటికీ ఏ కార్యాలయంలోనూ లేదు. పని చేయడం మొదలుపెట్టిన తొలి ఏడాది రెండేళ్లు పింఛను ముట్టుకోబోమని రాతపూర్వక హామీ ఇచ్చి, ఫలితం ఎలా ఉంటుందో రెండు మూడు మండలాల్లో పరీక్షించి చూడటానికి అయ్యే ఖర్చు స్వల్పం. ఇలాంటి పరిశోధనే మనకు కరవు.

ఇక స్వతంత్ర జీవనం. ఈ మాట వినగానే ఎవరి సాయమూ లేకుండా అన్నీ తామే చేసుకోవడం అనుకుంటారు. ఆ మాటకు ప్రాణం పోసిన మనిషి అలా అనుకోలేదు. ఎడ్ రాబర్ట్స్‌కు పద్నాలుగో ఏట పోలియో వచ్చి మెడ కింది భాగం చచ్చుబడింది. రాత్రిళ్లు ఇనుప ఊపిరితిత్తి యంత్రంలో పడుకునేవారు. కాలిఫోర్నియా పునరావాస శాఖ అతనికి ఉద్యోగయోగ్యత లేదని చదువుకు డబ్బివ్వడానికి మొదట నిరాకరించింది. 1962లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చేరి, హాస్టల్ గదుల్లో ఆ యంత్రం పట్టక క్యాంపస్ ఆస్పత్రిలోనే ఉండి చదివారు. 1972లో అక్కడే స్వతంత్ర జీవన కేంద్రం ఏర్పడింది, వికలాంగులే నడిపేది. 1975లో ఏ శాఖ తనను పనికిరాడందో ఆ శాఖకే ఆయన డైరెక్టర్ అయ్యారు. చొక్కా గుండీలు మరొకరు పెట్టినా, ఏ చొక్కా వేసుకోవాలో తానే చెప్పగలగడం ఆయన దృష్టిలో స్వాతంత్ర్యం. ఆ ఉద్యమం నుంచి పరిశోధన రంగం పుట్టింది. 1978లో అమెరికా ప్రభుత్వం నెలకొల్పిన పునరావాస పరిశోధన సంస్థ పేరులోకి 2014లో "స్వతంత్ర జీవనం" అన్న మాట కూడా చేరింది. ఉపాధి, బతుకు రెండూ ఒకే పరిశోధనాంశమని ఒప్పుకోవడమది. మనం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 19వ అధికరణం చెప్పేదీ ఇదే. ఎక్కడ, ఎవరితో ఉండాలో ఎంచుకునే హక్కు. మన 2016 చట్టం ఐదో సెక్షన్ కూడా సమాజంలో బతకడానికి అవసరమైన వ్యక్తిగత సహాయకుడి గురించి ప్రస్తావించింది.

వాస్తవంలో ఆ సహాయకురాలు అమ్మే. 76వ విడత సర్వేలో సంరక్షకులు ఉన్న వికలాంగులు 62.1 శాతం, ఒంటరిగా ఉంటున్నవారు 3.7 శాతం. కుటుంబం మన బలమే, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. అయితే అమ్మకు డెబ్బై ఏళ్లు వచ్చి నడుం వంగిపోయాక ఏమిటన్నది ప్రతి అలాంటి ఇంట్లోనూ రాత్రిపూట వినిపించే ప్రశ్న, "మా తర్వాత వీడి గతేంటి?" అని. ఆ ప్రశ్నకు ఇప్పటిదాకా మన దగ్గరున్న జవాబులు రెండే, తోబుట్టువు లేదా ఆశ్రమం. మధ్యలో ఉండాల్సినవి, నలుగురు కలిసి అద్దెకుండే ఇల్లు, రోజుకు రెండుగంటలు వచ్చిపోయే సహాయకుడు, నగరంలో వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉన్నాయి. విడిగా ఇల్లు తీసుకుందామన్నా టు-లెట్ బోర్డు దగ్గరే ఆగిపోతారు. "రేపేదైనా అయితే మా మీదకొస్తుంది" అంటారు ఇంటివాళ్లు. కింది పోర్షన్ దొరకదు, పైదానికి లిఫ్టుండదు. అమీర్‌పేట హాస్టళ్లలో కోచింగ్‌కు వచ్చిన పీహెచ్ అభ్యర్థి మూడో అంతస్తు మంచం కోసం రోజూ అరవై మెట్లెక్కుతాడు. పరీక్షలో అతనికి ఇచ్చే అదనపు సమయం ఆ మెట్ల మీదే ఖర్చైపోతుంది.

సహాయకులు, జాబ్ కోచ్‌లు కావాలంటే డబ్బెక్కడిది అంటారు. డిగ్రీలున్న నిపుణులే కావాలన్న లెక్కతో మొదలుపెడితే ఎప్పటికీ తేలదు. 2014లో లాన్సెట్‌లోనే వచ్చిన ఒక భారతీయ అధ్యయనం ఇక్కడ అక్కరకొస్తుంది. తమిళనాడు, గోవా, మహారాష్ట్రలోని సతారాలో స్కిజోఫ్రెనియా ఉన్న 282 మంది మీద చేసినది. శిక్షణ పొందిన స్థానిక ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి తోడ్పడిన జట్టులో, ఆస్పత్రి వైద్యం మాత్రమే అందిన జట్టుతో పోలిస్తే లక్షణాలు, వైకల్యం కొంత ఎక్కువగా తగ్గాయి. పెద్ద తేడా కాదు, కొంతే. కానీ ఆశా కార్యకర్తలు, మహిళా సంఘాలు ఇంతగా వేళ్లూనుకున్న రాష్ట్రంలో, బస్తీలో ఇంటర్ చదివిన ఒక అమ్మాయిని జాబ్ కోచ్‌గా తయారుచేసి అదే బస్తీలో నలుగురికి తోడుగా పెట్టడం అసాధ్యమేమీ కాదని అనుకోవడానికి అది చాలు. ఆ అమ్మాయికీ అదొక కొలువే.

లెక్క చూసే తీరు కూడా మారాలి. ఏ పథకం వార్షిక నివేదిక తెరిచినా ఇంతమందికి శిక్షణ ఇచ్చాం, ఇన్ని జాబ్ మేళాలు పెట్టాం, ఇన్ని ఆఫర్ లెటర్లు ఇచ్చాం అని ఉంటుంది. ఫొటోలో ఆఫర్ లెటర్ పట్టుకున్న అమ్మాయి పన్నెండు నెలల తర్వాత ఎక్కడుందో ఉండదు. మానేసి ఉంటే ఎందుకు మానేసింది? సూపర్‌వైజర్ మారాడా, హాస్టల్ దూరమైందా, బాత్రూం తలుపు వెడల్పు చాలలేదా? ఆ ఒక్క ప్రశ్నను ఏటా ఒక వెయ్యిమందిని అడిగి, జవాబులు బయటపెడితే ఈ నగరానికి దానికి మించిన పరిశోధన లేదు. అడిగేవాళ్లలో సగంమంది వికలాంగులే అయితే జవాబులు ఇంకా నిజంగా వస్తాయి. తమ కష్టం తెలిసినవారితో మనుషులు మాట్లాడే తీరే వేరు.

మళ్లీ బేకరీకి వద్దాం. నెల తిరిగింది, ఆ కుర్రాడికి జీతం పడింది. ఎవరి ఖాతాలో? మేధో వైకల్యం అనగానే బ్యాంకులో సంరక్షకుడి కాగితం అడగడం, 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద తండ్రో అన్నో సంరక్షకుడై ఖాతా నడపడం అలవాటైన దారి. 2016 చట్టం 13వ సెక్షన్ మాత్రం ఆర్థిక వ్యవహారాల మీద వికలాంగులకు ఇతరులతో సమానమైన హక్కుందంటుంది. 14వ సెక్షన్ పరిమిత సంరక్షకత్వం గురించి చెబుతూ, నిర్ణయం ఇద్దరూ కలిసి తీసుకోవాలంటుంది. అంటే ఏటీఎం కార్డు అతని జేబులో ఉండాలి. నాలుగంకెల పిన్ గుర్తుండదా? దానికీ అట్టముక్కలాంటి ఉపాయం ఏదో ఒకటి ఉంటుంది. వేలిముద్రతో డబ్బు తీసుకునే ఏర్పాటు ఇప్పుడు వీధి చివర కిరాణా కొట్టులోనే ఉంది. మొదటి జీతంతో ఎర్ర రంగు చెప్పులు కొనుక్కుంటానని అతను అనొచ్చు. ఇంట్లో ఇప్పటికే రెండు జతలున్నాయని వాళ్లమ్మ అనొచ్చు. ఆ వాదనలో ఎవరి మాట నెగ్గుతుందో కూడా ఏ సర్వేలోనైనా ఒక గడిగా ఉండాలి.